పాకం చల్లారాక వచ్చే అంకె

ఒట్టావా,
24 ఫిబ్రవరి 2024

పెదనాన్నగారికి,

నమస్కారాలు. నేను కావ్యశ్రీని, మీ తమ్ముడు మల్లికార్జున్ కూతురిని. మీరు నన్ను చివరిసారి చూసినప్పుడు నాకు ఐదేళ్ళు. ఇప్పుడు ఇరవై రెండు. ఏడాదిగా ఇక్కడ ఒక కాలేజీలో సప్లై చెయిన్ చదువుతున్నాను. మీ ఈమెయిల్ అడ్రస్ రామ్మోహన్ బావ ఇచ్చాడు.

ఉన్నట్టుండి ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటారేమో. నాకు కొత్తగా ఒక పని దొరికింది. ఊరి శివారున ఉన్న కనాటా దాటాక గంట ప్రయాణంలో ఒక మేపుల్ తోట ఉంది. తోట అంటున్నాను కానీ అడవే. ఎండాకాలం ముందు, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో ఆ చెట్లకి చిన్న కన్నం పెడితే నీళ్ళలాంటి రసం కారుతుంది. దాన్ని కాచి పాకం తీస్తారు. తోట ఎల్మర్ అనే పెద్దాయనది. డెబ్బై తొమ్మిదేళ్ళు, భార్య పోయింది, ఒక్కరే ఉంటారు. శనాదివారాలు నేను బస్సులో ఈగల్‌సన్ స్టాప్ దాకా వెళ్తే ఆయన ట్రక్ తెచ్చి ఎక్కించుకుంటారు. ఇక్కడ కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే వంద మంది మనవాళ్ళు లైన్లో నిలబడుతున్నారు. ఆ లైన్లో నాలుగు నెలలు నిలబడ్డాక దొరికిన పని ఇది.

నాకు తెలియనిది ఒకటుంది. పాకంలో చక్కెర ఎంతో చూడటానికి ఒక గాజు హైడ్రోమీటర్ ఇచ్చారు. దాని మీద రెండు ఎర్ర గీతలున్నాయి. ఒకటి వేడి పాకానికి, ఒకటి చల్లారిన పాకానికి అన్నారు. ఒకే పాకానికి రెండు అంకెలు ఎలా ఉంటాయి? ఆయన్ని అడిగితే "గీత దగ్గర తేలితే దింపేయడమే" అంటారు. మీరు షుగర్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్ళు చేశారు కదా. పాకం సంగతి అన్నయ్యకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నాన్న ఎప్పుడూ అంటుంటారు.

వీలైతే జవాబు రాయండి.

మీ
కావ్యశ్రీ


రాజమండ్రి,
2 మార్చి 2024

చిరంజీవి కావ్యశ్రీకి,

ఆశీస్సులు. నీ మెయిల్ అందింది. మూడుసార్లు చదివాను.

వేడి పాకం పలచబడుతుంది, అందుకని హైడ్రోమీటర్ అందులో లోతుగా దిగి తక్కువ అంకె చూపిస్తుంది. చల్లారేకొద్దీ పాకం చిక్కబడి గాజును పైకి నెడుతుంది, అంకె పెరుగుతుంది. చక్కెర మాత్రం రెండిట్లో ఒకటే. పొయ్యి మీంచి తీసిన క్షణంలో వేడి గీత చూడాలి. ఆలస్యమైతే గది వేడికి పూర్తిగా చల్లారనిచ్చి చల్లటి గీత చూడాలి. నడిమధ్యన చూసిన అంకె దేనికీ పనికిరాదు. చెరుకురసానికైనా నీ చెట్టు రసానికైనా ఇదే లెక్క. మీ రసంలో చక్కెర నూటికి రెండు పాళ్ళే ఉంటుందని ఎక్కడో చదివాను. మా చెరుకులో పద్దెనిమిది. లీటరు పాకానికి నలభై లీటర్ల రసం కాచాలన్నమాట. ఎంత కట్టె కావాలో.

ఒక మాట. కంటితో చూసిన అంకె తప్ప ఇంకొకటి రాయకు. ఎవరు చెప్పినా రాయకు.

నేను రిటైరై ఎనిమిదేళ్ళయింది. మీ పెద్దమ్మ పోయాక ఫ్యాక్టరీ క్వార్టర్స్ వదిలి ఇక్కడ మేడ మీద గది తీసుకున్నాను. కింద ఇంటివారు మీనాక్షిగారు టీచరు. ఆవిడ పెంచే చిలక పొద్దున్నే నన్ను "మేష్టారూ" అని పిలుస్తుంది. నేను మేష్టరుని కాదని దానికెవరు చెప్తారు.

ఈ ఉత్తరం మల్లి రాయమన్నాడా?

అమరేశ్వరరావు


ఒట్టావా,
13 మార్చి 2024

పెదనాన్నగారికి,

మీరు చెప్పినట్టే వేడిగా ఒకసారి, చల్లార్చి ఒకసారి చూశాను. అర్థమైంది. థాంక్స్.

పోయిన వారం రసం మొదలైంది. షెడ్డు మధ్యలో మంచమంత పెనం, కింద కట్టెల మంట, పైన ఆవిరి. ఎదురుగా ఉన్న మనిషి కనపడడు. నేను కట్టెలు వేస్తాను, ఎల్మర్ గరిటె పట్టుకుని నిలబడతారు. గంటల తరబడి ఇద్దరం ఏమీ మాట్లాడుకోం. ఆయనకి నా ఇంగ్లీషు, నాకు ఆయన ఇంగ్లీషు సగమే తెలుస్తాయి. పోయిన ఆదివారం ఒక మూల పాకం మాడింది. ఆ వాసన తగలగానే నాకు ఏడుపొచ్చింది. మన చెరుకుతోట తగలబడిన రోజు ఊరంతా అదే వాసన. అప్పుడు నేను చిన్నదాన్ని, అయినా గుర్తుంది.

చూసిన అంకె తప్ప రాయకు అన్నారు. ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నారో నాకు తెలుసు. మా ఇంట్లో ఆ కథ వింటూనే పెరిగాను. ఆ ఏడాది మీరు మా తోటలో చెరుకులో చక్కెర ఎంతో చూసి పదహారు అని రాశారు. పద్దెనిమిది ఉంటే కటింగ్ ఆర్డర్ వచ్చేది, చెరుకు సమయానికి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయేది. నెల ఆగమన్నారు. ఆ నెలలోనే మంట అంటుకుంది. మీరు నాకు పాఠం చెప్పినా ఫరవాలేదు, మా నాన్న మీద నుంచి మాత్రం చెప్పకండి. ఆ మాట నేనెత్తను, మీరూ ఎత్తొద్దు.

ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. నాన్న ఏలూరులో అదే గోడౌన్‌లో గుమాస్తాగా చేస్తున్నారు. మోకాళ్ళు అరిగాయన్నారు డాక్టర్లు. ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళలేకపోతున్నారు, ఎవరైనా రావాల్సిందే.

మా బేస్‌మెంట్‌లో ఐదుగురం ఉంటాం. చిన్ను అని వరంగల్ అమ్మాయి ఒక్కతే నాతో మాట్లాడేది. ఆ అమ్మాయి ఎల్లుండి సస్కటూన్ వెళ్ళిపోతోంది. అక్కడి యూనివర్సిటీలో సీటొచ్చింది.

కావ్యశ్రీ


రాజమండ్రి,
24 మార్చి 2024

చిరంజీవి కావ్యకి,

నేను ఏలూరు వెళ్ళివచ్చాను.

నువ్వు రాసిన దాంట్లో "ఎవరైనా రావాల్సిందే" అన్న మాట నాకు వేరేగా అర్థమైంది. మల్లి నీచేత రాయించాడనుకున్నాను. అన్నయ్యకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదంటాడని ముందే రాశావు కదా. వాడు నోరు విడిచి అడగడు, చిన్నప్పటి నుంచీ అంతే. పెద్దవాణ్ణి నేనే వెళ్ళాలనుకుని, బుధవారం పొద్దున్న పాసింజరుకి బయల్దేరాను. రెండు కిలోల బత్తాయిలు తీసుకున్నాను.

మీ అమ్మ తలుపు తీసింది. గుర్తుపట్టి లోపలికి రమ్మంది. మల్లి కుర్చీలోంచి లేవలేదు. మోకాళ్ళ వల్లేమో అనుకున్నాను.

"ఎవరు పంపారు నిన్ను?" అన్నాడు.

"నువ్వే కదరా పిల్లచేత రాయించావు."

"నేనెవరికీ ఏమీ రాయించలేదు. దానికి నీతో ఏం పని?"

నేను చెప్పులు వేసుకున్నాను. మీ అమ్మ మంచినీళ్ళు తెచ్చేసరికి గుమ్మం దాటాను. బత్తాయిలు అక్కడే అరుగు మీద పెట్టాను. లోపలికి తీసుకున్నారో లేదో తెలియదు.

నీ తప్పు లేదు. నాకు కావలసింది నీ ఉత్తరంలో వెతుక్కున్నాను. ఇన్నేళ్ళ ల్యాబ్ పనిలో ఇంత అజాగ్రత్తగా ఏ రీడింగూ తీసుకోలేదు.

నీ స్నేహితురాలు వెళ్ళిపోయిందా? గదిలో భోజనం ఎవరు వండుతున్నారు?

పెదనాన్న


ఒట్టావా,
31 మార్చి 2024

పెదనాన్నా,

మీ మెయిల్ కంటే ముందే నాన్న ఫోన్ వచ్చింది. "నన్నడక్కుండా ఆయనకెందుకు రాశావ్?" అన్నారు. పని గురించి రాశానన్నాను. "ప్రపంచంలో ఇంకెవరూ దొరకలేదా?" అని పెట్టేశారు. పది రోజులైంది. అమ్మే మాట్లాడుతోంది, అదీ పొడిపొడిగా.

మీకు నేనొక నిజం చెప్పాలి. అన్నయ్యకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నాన్న ఎప్పుడూ అనలేదు. పదిహేడేళ్ళలో మా ఇంట్లో మీ పేరు మంచిగా పలకలేదు. ముక్కూ మొహం తెలియని పెద్దమనిషికి ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆ వాక్యం కల్పించాను. దాన్ని నమ్మి మీరు రైలెక్కుతారని నాకేం తెలుసు. క్షమించండి.

ఇంకోటి కూడా ఉంది. ఇది ఎవరినడగాలో తెలియక మిమ్మల్నే అడుగుతున్నాను.

ఎల్మర్ ముప్ఫై ఏళ్ళుగా తనే పాకం దింపుతారు. కప్పులోకి పాకం తీసి, హైడ్రోమీటర్ వేసి, కళ్ళద్దాల మీద ఆవిరి పోయేదాకా ఆగి, తలుపు దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళి చూస్తారు. అప్పుడు వేడి గీత చూసి "సరిపోయింది" అంటారు. ఆ ఆగడంలో పాకం చల్లారిపోతోంది. నడిమధ్య అంకె పనికిరాదని మీరే రాశారు. నేను ఒక సీసా ఇంటికి తెచ్చి పూర్తిగా చల్లార్చి చూశాను. అరవై మూడు. ఇక్కడి రూలు అరవై ఆరు. పలచటి పాకం వేసవికి పులిసిపోతుంది, మూతలు పొంగుతాయి.

అసలు సంగతి ఆవిరి కాదు. ఆవిరి పోయాక కూడా ఆయనకి గీత కనపడటం లేదు. నిన్న సీసా లేబుల్ తలకిందులుగా అంటించారు, చూసుకోలేదు. ఎడ్మంటన్‌లో ఉన్న కూతురు ఈ తోట అమ్మేసి తన దగ్గరికి వచ్చేయమని ఏటా పోరుతుందట. కంటిచూపు సంగతి బయటపడితే డ్రైవింగ్ లైసెన్సు పోతుంది. లైసెన్సు లేకుండా ఆ అడవిలో ఒక్కరే ఉండలేరు. పాలు కొనాలన్నా పాతిక కిలోమీటర్లు వెళ్ళాలి. నేను ఒక అంకె చెప్తే ఆయన ఇల్లు పోతుంది.

నేను ఎక్కే ట్రక్ కూడా ఆయనే నడుపుతున్నారు.

చెప్పాలా, వద్దా?

కావ్య


రాజమండ్రి,
4 ఏప్రిల్ 2024

కావ్యకి,

ఒక్క సీసా చాలదు. మూడు వేరువేరు కాపుల్లోంచి, అంటే మూడుసార్లు కాచి దింపిన పాకంలోంచి, తీసుకో. రాత్రంతా గదిలో వదిలెయ్, పొద్దున చూడు. గాజు గొట్టం తడి లేకుండా తుడువు. కన్ను గీత ఎత్తుకి తెచ్చి చూడు, పైనుంచి వంగి చూడకు. మూడూ ఒకటే చెప్తే అంకె ఖాయం.

చెప్పాలా వద్దా అన్నది నేను చెప్పను. ఒకసారి చెప్పినవాణ్ణి.

అ.రా.


ఒట్టావా,
15 ఏప్రిల్ 2024

పెదనాన్నా,

మీ నాలుగు ముక్కల జవాబు చూసి కోపమొచ్చింది. మీకు రైలు ప్రయాణం తాలూకు కోపం ఇంకా పోలేదనుకున్నాను. అయినా చెప్పినట్టే మూడు కాపులవీ చూశాను. అరవై మూడు, అరవై రెండున్నర, అరవై మూడు.

శనివారం మధ్యాహ్నం, పెనం మరుగుతుండగా చెప్పాను. ముందు రోజంతా ఇంగ్లీషులో వాక్యాలు కూర్చుకున్నాను. తీరా ఆయన ముందు నిలబడేసరికి అవేవీ రాలేదు. మూడు సీసాలు బల్ల మీద పెట్టి "ఇవి పలచగా ఉన్నాయి. చల్లార్చి చూశాను" అన్నాను.

"ఎన్నిటిని చూశావు?"

"మూడు."

"గీత నేను సరిగా చూడటం లేదంటావు."

నేను అవునన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడిచారు, మళ్ళీ పెట్టుకోలేదు. "ఇంక కట్టెలు వేయకు" అన్నారు. మంట పడిపోయేదాకా ఇద్దరం అలా నిలబడ్డాం. తర్వాత పక్క పొలం ఆవిడకి ఫోన్ చేసి నన్ను బస్ స్టాప్ దగ్గర దింపమన్నారు. ఎప్పుడూ తనే దింపేవారు. ఆ రోజు గుమ్మం దాకా కూడా రాలేదు. పక్కింటావిడ దారంతా వాతావరణం గురించి మాట్లాడింది.

బస్సు వెళ్ళిపోయింది. తర్వాతది ఇంకో గంటకి. ఆగలేక, అది వెనక నుంచి అందుకునేదాకా నడిచాను. రోడ్డు పక్కన మంచు కరిగి బురద, కార్లన్నీ నా మీద నీళ్ళు చిమ్ముకుంటూ పోయాయి. గదికొచ్చేసరికి కొత్తగా చేరిన అమ్మాయి చిన్ను మంచం మీద తన బట్టలు సర్దుకుంటోంది. హలో అంది, నేనూ అన్నాను. ఆ రోజు అంతకుమించి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఈ ఆదివారం రమ్మని ఎల్మర్ నుంచి ఫోన్ రాలేదు.

నడుస్తున్నంతసేపూ నాకు ఎల్మర్ గురించి కాదు, మీ గురించి ఆలోచన వచ్చింది. మా ఇంట్లో ఆ కథ వందసార్లు విన్నాను. అందులో మీరు పదహారు అని రాసి వెళ్ళిపోతారు. అక్కడితో మీ సంగతి అయిపోతుంది, మిగతాదంతా మంట, మా నష్టం.

ఆ రోజు మీరు ఇంటికెలా వెళ్ళారు పెదనాన్నా?

మీ
కావ్య


రాజమండ్రి,
22 ఏప్రిల్ 2024

అమ్మా కావ్యా,

ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీ పెద్దమ్మ కూడా అడగలేదు. జవాబు రాయడానికి వారం పట్టింది.

అసలు నేను ల్యాబ్ మనిషిని, తోటల్లోకి వెళ్ళే పని నాది కాదు. ఫీల్డ్‌మన్ కొమరయ్యకి జ్వరమొచ్చి ఆ వారం నన్ను పంపారు. జాబితాలో మల్లి తోట ఉందని చూసి సంతోషించాను కూడా. వాడు నాతోపాటు గట్టు మీద నడిచాడు. చెరుకు గడలో సూది గుచ్చి, రసం చుక్క మీటరు గాజు మీద వేసి చూశాను. ఇరవై గడలు చూశాను. సగటు పదహారు.

"ఇంకో రెండు కలిపి రాయి అన్నయ్యా. ఎవడు చూశాడు?" అన్నాడు.

"మిల్లు చూస్తుందిరా."

"మిల్లుకి నీ తమ్ముడు తెలుసా?"

నేను పదహారు అని రాసి, వాడి ఎదురుగానే సంతకం పెట్టాను. వాడు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నేను సైకిలు నడిపించుకుంటూ కాలవ గట్టు మీద ఇంటికొచ్చాను. ఎక్కి తొక్కవచ్చని తోచలేదు. ఆ పూట అన్నం తినలేదు.

ఇక ఇది నేనెవరికీ చెప్పనిది. మర్నాడు తెల్లవారాక మళ్ళీ వెళ్ళాను. ఎండ వేడికి మీటరు తప్పు చూపించిందేమోనని ఆశ. వేరే వరసల్లో గడలు చూశాను. పదహారు. నాలుగో రోజున వెళ్ళాను, పదహారూ పాయింటు రెండు. మరో వారం తర్వాత, బాగా మంచు కురుస్తున్న పొద్దున్న, ఇంకోసారి వెళ్ళాను. పదిహేడు వచ్చినా ఆఫీసరు కాళ్ళు పట్టుకుని ఆర్డరు రాయించేవాణ్ణి. పదహారున్నర దాటలేదు. ఆ తర్వాత పన్నెండు రోజులకి పక్క తోటలో ఎండాకు తగలబెడితే మంట ఇటు పాకింది.

అంకె తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. అంకె నిజమైనందుకు నాకు సంతోషమూ లేదు. మళ్ళీ మళ్ళీ వెళ్ళానని మల్లికి ఎందుకు చెప్పలేదంటావేమో. మంట తర్వాత అది చెప్తే, సంజాయిషీలా ఉంటుందనిపించింది. ఏడాది గడిచాక, మరీ ఆలస్యమైందనిపించింది.

చూసిన అంకె తప్ప రాయకు అన్నది మీ నాన్నని ఉద్దేశించి కాదు. నేను ఉద్యోగంలో చేరిన రోజు మా చీఫ్ కెమిస్టు యోగానంద్‌గారు నాకు చెప్పిన మాట. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. అలవాటుకొద్దీ నీకూ చెప్పాను.

నీ ప్రశ్నకి జవాబు ముక్తసరిగా రాసింది కోపంతో కాదు. చెప్పమంటే నీకూ నా గతే పడుతుందేమోనని, వద్దంటే నా బతుకంతా తప్పని నేనే ఒప్పుకున్నట్టవుతుందని భయమేసింది.

వేళకి తిను.

పెదనాన్న


ఒట్టావా,
12 మే 2024

పెదనాన్నా,

చెప్పకుండా ఒక పని చేశాను. తిట్టినా పడతాను. మీ ఉత్తరం నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను.

ముందు ఎల్మర్ సంగతి. ఏప్రిల్ ఆఖర్లో ఫోన్ చేశారు. "శనివారం రాగలవా? పక్కింటావిడే తీసుకొస్తుంది. నా ట్రక్‌లో ఇక నిన్ను ఎక్కించుకోను" అన్నారు. ఆ రోజు ఆయన నన్ను దింపడానికి రానిది కోపంతో అనుకున్నాను. ఆయనకి తన కళ్ళ మీద నమ్మకం పోయిందట. సోమవారమే వెళ్ళి కంటి డాక్టరుకి చూపించుకున్నారు. నయమయ్యేది కాదన్నారు. లైసెన్సు తనే ఇచ్చేశారు.

షెడ్డులో సీసాలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. తీసుకెళ్ళినవాళ్ళకి కూడా ఫోన్లు చేసి వెనక్కి తెప్పించారు. అన్నీ మూతలు తీసి మళ్ళీ పెనంలో పోశాం. రెండు రోజులు కాచాం. ప్రతిసారీ కప్పులోకి పాకం తీసి నా చేతికిచ్చి "చదువు" అనేవారు. నేను చెప్పిన అంకె మారు మాట్లాడకుండా పుస్తకంలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకునేవారు. చెప్పినందుకు థాంక్స్ అనలేదు. అనకపోవడమే నాకు నచ్చింది. నిన్న కూతురు వచ్చి ఆయన్ని ఎడ్మంటన్ తీసుకెళ్ళింది. తోట అమ్మకానికి పెట్టారు. నాకు వారాంతాలు మళ్ళీ ఖాళీ. ఈ ఆదివారం ఏం చేయాలో తెలియక బస్సెక్కి ఈగల్‌సన్ దాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగొచ్చాను.

ఇక నాన్న సంగతి. మీ ఉత్తరం చదువుతూ లైన్ కట్ అయిందేమోనని రెండుసార్లు ఆగాను. మంచు కురుస్తున్న పొద్దున్న మళ్ళీ వచ్చారన్న చోటికి వచ్చేసరికి "ఆగు" అన్నారు.

"ఆ పొద్దున్న నేను మోటారు షెడ్డులోనే ఉన్నాను. చూశాను" అన్నారు.

"ఎవరిని నాన్నా?"

"అన్నయ్యని. మఫ్లరు చుట్టుకుని వరసల్లో వంగి వంగి చూస్తున్నాడు. రాసిందింకా చాలక ఏం తప్పు పట్టడానికి వచ్చాడో అనుకున్నాను. పిలవలేదు. కాఫీ ఫ్లాస్కు కూడా పక్కనే ఉంది. చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాను, వెళ్ళిపోయేదాకా."

తర్వాత కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఏడుస్తున్నారో లేదో ఇంత దూరం నుంచి నాకేం తెలుస్తుంది. చివరికి "అన్నయ్య ఉండేది ఎక్కడ? అడ్రస్ చెప్పు" అన్నారు. చెప్పాను. పిన్‌కోడ్‌తో సహా రాసుకుని, ఒకసారి తిరిగి చదివి సరిచూసుకున్నారు. ఏం చేస్తారో అడగలేదు.

మీ
కావ్య


రాజమండ్రి,
9 జూన్ 2024

అమ్మా కావ్యా,

నిన్ను తిట్టే పని లేదు. నేను ఈ జన్మకి చెప్పలేకపోయింది నువ్వు చెప్పావు.

మల్లి షెడ్డులో ఉన్నాడని నాకు తెలియదు. ఆ పొద్దున్న మంచులో వాడి మోటారు షెడ్డు కనపడలేదు. కనపడి ఉంటే ఏం చేసేవాణ్ణో నాలుగు వారాలుగా ఆలోచిస్తున్నాను. వెళ్ళేవాణ్ణో లేదో నిజంగా చెప్పలేను.

వాడి దగ్గర్నుంచి ఇంకా ఏమీ రాలేదు. మనిషీ రాలేదు. పదకొండున్నరకి పోస్టుమాన్ ఈ వీధికి వస్తాడు. ఆ వేళకి కింద మీనాక్షిగారి వరండాలో కుర్చీ వేసుకుంటున్నాను. ఎండ అక్కడ తక్కువని ఆవిడతో చెప్పాను. మొన్న కవరు చేతికిస్తే అక్కడే నిలబడి చింపాను. తీరా చూస్తే కరెంటు బిల్లు.

నువ్వక్కడ ఆదివారాలు బస్సులో ఊరికే తిరుగుతున్నావని రాశావు. ఆ బస్సులో కూర్చుని నాకు రాస్తూ ఉండు. పని గురించే కానక్కరలేదు. మీ గదిలో కొత్తగా చేరిన అమ్మాయి పేరేమిటి? అన్నం కలిసి వండుకుంటున్నారా? అడుగు. ముందు నువ్వే అడుగు.

మీ నాన్న ఫోన్ చేస్తే, నేను బాగానే ఉన్నానని చెప్పు. నాకు తొందరేమీ లేదని మాత్రం వాడితో అనకు.

పెదనాన్న